రుచి చూడని సంతకం

పోషకాహార శాస్త్రమట! తిండి గురించి నాలుగేళ్లు చదివి తిండి తినడం మర్చిపోయే చదువు. ఇరవై రెండేళ్లుగా కొరియాలోని జొంజు ఊళ్లో ఓ ఆసుపత్రి వంటగదిలో గరిటె తిప్పుతున్నాను. ఏటా ఈ చదువు పిల్లలు రెండు వారాల శిక్షణకని మా నెత్తిన పడతారు. ఈసారి వచ్చింది హేవన్. క్లాసులో ఫస్టట. ఆ పిల్ల మణికట్టు కంటే నా గరిటె కాడే లావు.

రోగులకి పళ్లేలు వెళ్లేముందు ప్రతి వంటకం రుచి చూసి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. శిక్షణలో అదే ఆమె పని. కింద ప్రొఫెసర్ సంతకం కూడా పడితేనే లైసెన్సు పరీక్షకి కూర్చోనిస్తారు. రాత మాత్రం ముత్యాలే: 'ముల్లంగి సూప్. ఉప్పు సరిపోయింది.' చెంచా చూస్తే తడి కూడా ఉండేది కాదు.

"రుచి చూశావుటే?"

"చూశాను పిన్నీ."

"ఏ నోటితో?"

నవ్వేసి పుస్తకాలు ముందేసుకునేది. ఆకలేస్తే ఐసుముక్కలు నమిలేది. నాకు ఒళ్లు మండేది. మా అమ్మ చిన్నప్పుడు బార్లీ గంజి కోసం ఏడ్చిన మనిషి. అన్నం ఎదురుగా ఉండీ తిననివాళ్లంటే నాకు అసహ్యం.

పదకొండో రోజు ప్రొఫెసర్ ఖ్వాక్ తనిఖీకొస్తున్నాడని తెలిసి, సూప్‌లో ఒక్క రవ్వ ఉప్పు వెయ్యలేదు. వడ్డించే ముందు వేసుకోవచ్చులే, ముందు ఈ దొంగని పట్టిస్తాననుకున్నాను. హేవన్ మామూలుగానే రాసేసింది: ఉప్పు సరిపోయింది.

ఖ్వాక్ ఆ పుస్తకం తిరగేసి, హేవన్‌ని ఎగాదిగా చూసి మురిసిపోయాడు. "చూశావమ్మా," అన్నాడు నాతో, "డైటీషియన్ అంటే ఇలా ఉండాలి. లావుపాటి డైటీషియన్ మాట ఏ రోగి వింటాడు?" ఆయన పొట్టేమో బెల్టు మీంచి తొంగిచూస్తోంది. సిగ్గులేని జన్మ!

"మీరూ ఓ చెంచా రుచి చూడండి సార్."

"ఎందుకూ, ఆ అమ్మాయి రాసిందిగా," అంటూ పెన్ను తీశాడు.

హేవన్ ఆ పెన్ను వంకే చూసింది. నేను నోరు తెరిచేలోపే చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది. మింగలేకపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చివరికి సింకులో ఉమ్మేసింది.

"ఉప్పు లేదు పిన్నీ," అంది.

ఆయన ముందు నుంచి పుస్తకం లాక్కుని, తన మాట కొట్టేసి రాసింది: 'రుచి చూడలేదు. పదకొండు రోజులుగా ఏదీ చూడలేదు. మింగలేకపోతున్నాను.'

ఖ్వాక్ మొహం మాడిపోయింది. "పిచ్చా నీకు? ఇది ఎవరైనా చూస్తే ఈ ఏడు నీకు పరీక్ష లేదు. " నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆ పేజీ చింపెయ్."

"చింపను. దాని కింద పెట్టండి మీ సంతకం," అన్నాను.

పెట్టలేదు. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. హేవన్ సింకు పక్కనే కూలబడింది.

మా ఊళ్లో మనిషి ఎదురైతే మొదటిమాట 'అన్నం తిన్నావా' అనే. కూరగాయలు తెచ్చేవాణ్ణి కూడా రోజూ అడుగుతాను. ఈ పిల్లని పదకొండు రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. ఉప్పు దాచి వల పన్నడానికి మాత్రం తీరిక దొరికింది. థూ, నా బతుకు.