అమ్మ ముక్కుపుడక

2023 వేసవి. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ పక్కనే నా ఫోటో షాపు. మసక ఫోటోలు బాగుచేయడం నా పని. "ఒక్క క్లిక్కే కదా ఆంటీ" అనే పిల్లలతో పోట్లాడడం కూడా అందులో భాగమే.

ఒకరోజు పద్మ అనే ఆవిడ ఫోన్‌లో వాళ్ళమ్మ ఫోటో తెచ్చింది. వచ్చే వారం అమ్మ సంవత్సరీకం, పెద్దది చేసి పెట్టాలట. మొహం చూస్తే తడిసిన కాగితంలా అలుక్కుపోయి ఉంది.

షార్పెన్ చేశాను. అంచులు గట్టిపడ్డాయి గానీ మొహం తేలలేదు. ఫేస్ రికవరీ పెట్టాను, అంటే లేని వివరాల్ని సాఫ్ట్‌వేరే ఊహించి గీస్తుంది. పలువరస చక్కగా కుదిరింది. ముక్కుపుడకని మాత్రం మచ్చ అనుకుని తుడిచేసింది.

"ఎవరండీ ఈవిడ?" అంది పద్మ.

"మీ అమ్మగారే, కంప్యూటర్‌కి నచ్చినట్టు."

ఆవిడ నవ్వలేదు. "నా దగ్గర అమ్మ నవ్వుతున్న ఫోటో ఇదొక్కటేనండీ."

"ఎవరు పంపారిది?"

"గుంటూరు నుంచి పిన్ని. కజిన్ స్క్రీన్‌షాట్ తీసి పంపితే, పిన్ని అమ్మ మొహం వరకూ క్రాప్ చేసింది."

"అసలు తీసిందెవరు?"

ఆవిడ ఫోన్ బల్ల మీద బోర్లించింది. "చెల్లి. ప్లేనోలో ఉంటుంది."

అరగంట దూరంలో ఉన్న ఫోటో గుంటూరు దాకా వెళ్ళి తిరిగొచ్చిందన్నమాట! చేతులు మారిన ప్రతిసారీ కంప్రెషన్ జరుగుతుంది, సైజు తగ్గడానికి వివరాలు పోతాయి. మసకబారక ఏం చేస్తుంది?

"ఒరిజినల్ ఆవిడ ఫోన్‌లోనే ఉంటుంది. అడగండి."

"మాకు మాటల్లేవు. అమ్మ ఇండియా నుంచి ఆర్నెల్లు ఉండడానికి వస్తే నాలుగు నెలలు తనింట్లోనే ఉంచేసుకుంది."

"అయితే కంప్యూటర్ గీసిన ఈవిడకే దణ్ణం పెట్టుకోండి. నాకేం, ప్రింట్ తీసిస్తాను."

విసురుగా వెళ్ళి కార్లో కూర్చుంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, కారు మాత్రం కదల్లేదు. చివరికి ఫోన్ చెవిన పెట్టుకోవడం షాపు అద్దంలోంచి చూశాను.

శనివారం ఇద్దరూ వచ్చారు. "పంపితే మళ్ళీ పాడవుతుందని ఫోనే తెచ్చాను" అంది చెల్లెలు. కేబుల్ పెట్టి స్క్రీన్ మీద తెరిచాను. ముక్కుపుడక తళుక్కుమంది. పళ్ళ మధ్య సందు కూడా కనిపించింది. ఫోటో కింది భాగంలో, క్రాప్‌లో పోయినచోట, అమ్మ చేతిలో ఫోన్, అందులో వీడియో కాల్‌లో చిన్నగా ఒక మొహం.

పద్మ ముందుకి వంగింది. "అది నేనేనా?"

"ఇంకెవరు? మా ఇంట్లో ఉందన్నమాటే గానీ, పొద్దస్తమానం నీ కాల్ కోసమే చూసేది. నాకు ఒళ్ళు మండేదే అక్కా."

నేను సరిచేసింది కాస్త వెలుతురు, అంతే. ఆ పనికి డబ్బు తీసుకోవాల్సిందేనని ఇద్దరూ నాతో గొడవపడ్డారు. వద్దని నేనూ తగ్గలేదు.

అప్పట్నుంచి మసక ఫోటో వస్తే ముందు సాఫ్ట్‌వేర్ తెరవను. "తీసిందెవరు? వాళ్ళతో మాటలున్నాయా?" అని అడుగుతాను. మీకెందుకండీ అంటారు. అలా అన్నారంటే, ఒరిజినల్ ఆ మాటల్లేనివాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నట్టే.