ఫిల్టర్‌కు నూనె తాగించిన మనవడితో భూపాలపల్లి దాకా

నా పోయిన పోస్టు కింద ఒక పాఠకుడు రాశాడు: "అమ్మమ్మగారూ, పాత కారుకు రేసింగ్ ఎయిర్ ఫిల్టర్ బిగించండి, ఇంజన్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది." తప్పు నాయనా. ఫిల్టర్ పని గాలిని లోపలికి పిలవడం కాదు, దుమ్మును గడప బయట నిలబెట్టడం. గాలి పిలవకపోయినా వస్తుంది, మా బంధువుల లాగే. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను. ఇంకా గట్టిగా అనడానికి కారణం వేరే ఉంది. నీలాంటివాళ్ల సలహాలు ఫోన్లో చూసి నా మనవడు అఖిల్ సరిగ్గా ఆ పనే చేశాడు, నాకు చెప్పకుండా, బతుకు బండెక్కాల్సిన రోజుకు ముందు.

భూపాలపల్లిలో గని ఉద్యోగులను షిఫ్టులకు చేరవేసే కార్ల కాంట్రాక్టులో ఒక బండికి చోటు ఖాళీ అయింది. శనివారం సాయంత్రం నాలుగు లోపు కారు చూపించి ఒప్పిస్తే అఖిల్‌కు నెలనెలా బాడుగ వస్తుంది. లేదంటే మళ్లీ జనగామ స్టేషన్ ముందు బేరాల కోసం ఎదురుచూపులే. జనగామ నుంచి భూపాలపల్లికి దగ్గరి దారి హనుమకొండ మీదుగా. మేము మాత్రం మహబూబాబాద్‌లో, అంటే మా నోటికి మానుకోటలో, మా చెల్లెలికి మందులు ఇచ్చి పోవాలని పాలకుర్తి, తొర్రూరు దారి పట్టాం. రోడ్డు బాగుంది, రద్దీ తక్కువ, మానుకోటకు రెండు గంటలు చాలు. శనివారం పొద్దున ఏడింటికి బయలుదేరి పాలకుర్తిలో ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ వంద లోపే అయింది, చట్నీలో ఉప్పు మాత్రం ఉదారంగా వేశారు.

"సౌండు ఎట్లుంది అమ్మమ్మా?" అన్నాడు అఖిల్, మీసం కింద నవ్వుతూ.

"దున్నపోతుకు జలుబు చేసినట్టున్నది. ఏం జేసినవ్‌రా?"

అప్పుడు చెప్పాడు. కంపెనీ ఫిల్టర్‌ను డబ్బాతో సహా తీయించి, ఎర్రటి గరాటులాంటి ఫిల్టర్ బిగించాడట. పాత డబ్బా ఏదిరా అంటే, "షాపాయన వేస్టన్నడు, ఆడనే ఉంచుకున్నడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నీ సొమ్ము నీ ముందరే చెత్త అని చెప్పి, నువ్వు వీధి మలుపు తిరగ్గానే ఇంకొకడికి అమ్మేవాణ్ణి మా కాలంలో దొంగ అనేవారు. ఇప్పుడు ట్యూనింగ్ నిపుణుడు అంటున్నారు.

తొర్రూరు దాటిన కాసేపటికి ఇంజన్ లైటు వెలిగింది. తొక్కినకొద్దీ నల్లపొగ వస్తోంది, బండి మాత్రం లాగడం లేదు. పత్తి బస్తాలు నింపుకున్న ట్రాలీ ఆటో మమ్మల్ని దాటేసింది. బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్లు చేతులూపారు. రేసింగ్ ఫిల్టర్ మహిమ అంటే అదీ. అఖిల్ నవ్వు అక్కడితో ఆగిపోయింది. నేను మాత్రం మానుకోట దాకా నోరు ఆపలేదు.

మానుకోటలో చెల్లెలికి గుమ్మంలోనే మందులు అందించి, స్టేషన్ అవతల యాకయ్య షెడ్డుకు పోయాం. ఆయన బానెట్ ఎత్తి ఫిల్టర్ ఊడదీస్తే దాని నుంచి నూనె బొట్లు బొట్లుగా కారింది.

"గిదేంది తమ్మీ, ఫిల్టరా, మిర్చి బజ్జా?" అన్నాడు యాకయ్య.

"బాపు ట్రాక్టర్ ఫిల్టర్‌కు గిన్నె నిండ నూనె పోస్తడు గద. నూనె ఎక్కువుంటె దుమ్ము ఎక్కువ పడ్తదని…" అఖిల్ గొణిగాడు.

అదీ సంగతి. వాళ్ల నాన్న దగ్గరున్నలాంటి పాత ట్రాక్టర్లలో గాలి నూనె గిన్నె మీదుగా పోతుంది, దుమ్ము అందులో దిగుతుంది. మా వ్యవసాయ ఇళ్లల్లో పుట్టిన ప్రతివాడికీ అది తెలుసు. ఈ గుడ్డ ఫిల్టర్‌కు దాని కోసం తయారుచేసిన నూనె పలచగా పట్టిస్తే చాలు. మావాడు ఇంజన్ ఆయిల్ కుమ్మరించాడు. మిగిలిందంతా గాలిని కొలిచే సెన్సర్ మీద పేరుకుంది. కొలత తప్పితే డీజిల్ లెక్కా తప్పుతుంది.

యాకయ్య సెన్సర్‌ను స్ప్రేతో కడుగుతూనే బేరం మొదలుపెట్టాడు. "పెద్దమ్మా, దీనికి సైలెన్సర్ గూడ మార్చాలె. అప్పుడు సూడు పికప్పు!"

"నా మనవడు షిఫ్టు మనుషుల్ని తోలుతడు, పందాలు కాదు. కంపెనీ డబ్బా ఉంటె తియ్యి, లేకుంటె ఊకో."

గొణుక్కుంటూనే, గుద్దుకున్న ఓ పాత కారు నుంచి అదే మోడల్ డబ్బా విప్పి, కొత్త కాగితపు ఫిల్టర్ వేసి బిగించాడు. కూలితో కలిపి రెండు వేలు దాటింది. లైటు ఆరింది, దున్నపోతు జలుబూ తగ్గింది.

గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి మీదుగా భూపాలపల్లి చేరేసరికి మూడున్నర. భోజనానికి నర్సంపేటలో ఆగడమే మేలు, తర్వాత మంచి హోటల్ దొరకడం అనుమానం. ఊరు దగ్గర పడేకొద్దీ బొగ్గు లారీలు, రోడ్డంచు ఆకుల మీద నల్లటి పొడి. ఆఫీసు ముందు బండ్లు పరీక్షించే సూపర్‌వైజర్ సరోజ బానెట్ లోపల చూసి తలూపింది. తర్వాత స్టెప్నీ చూస్తానని డిక్కీ తెరిపించింది. స్టెప్నీ పక్కన నా తువ్వాలులో చుట్టిన ఎర్ర ఫిల్టర్! పారేయమని యాకయ్యకు చెప్పి వచ్చాననుకున్నాను.

"గిదెందుకు దాసినవ్ తమ్మీ? నేను సంతకం వెట్టినంక మళ్ల బిగిస్తవా?" అంది సరోజ. "బొగ్గు లారీల ఎనక తిరిగే బండ్లివి. నడిమిట్ల ఆగితె షిఫ్టోళ్లు రోడ్డు మీద నిలవడ్తరు. ఎవలు జవాబు జెప్పాలె?"

"లేదు మేడం, ఎవలికన్న అమ్ముకుందామని…"

"అమ్ముతవా? ఇంకొకని ఇంజన్ల బొగ్గు పోస్తవా?" నా అరుపుకు వరుసలో ఉన్న డ్రైవర్లందరూ తిరిగి చూశారు. "నిన్ను ముంచినోని దుకాణం నువ్వే తెరుస్తవన్నట్టు!"

అఖిల్ చెవులు ఎర్రబడ్డాయి. స్క్రూడ్రైవర్ తీసి, ఆ ఫిల్టర్ గుడ్డను నాలుగు వైపులా చీల్చి, గేటు పక్క చెత్తడబ్బాలో వేశాడు.

సరోజ ఒక్క క్షణం చూసి, "సోమారం పొద్దటి షిఫ్టుకు రా" అంది. నా వైపు తిరిగి, "నువ్వు గూడ రారాదమ్మా? నువ్వుంటె బండ్లు భయానికే నడుస్తయి."

నాకు కోపం ఇంకా చల్లారలేదు. ఆ ఫిల్టర్ చెడ్డదని అనను. శుభ్రమైన రోడ్డు మీద, దాన్ని కడిగి ఆరబెట్టి కొలతగా నూనె పట్టించే ఓపిక ఉన్నవాడికి పనికొస్తుంది. కానీ మనం ఉండేది ఒక చివర పత్తి నూగు, ఇంకో చివర బొగ్గు పొడి ఎగిరే నేల. మోటారు సైకిలైనా కారైనా, భాగం కొనేముందు అది ఎంత వేగం ఇస్తుందో కాదు, మీ దారిలో ఏం ఎగురుతుందో అడగాలి. రేపు పనికి పోవాల్సినవాడికి ఈరోజు చప్పుడు అమ్మేవాళ్లను, అమ్మమ్మను కాబట్టి, ఇంతకంటే తిట్టలేకపోతున్నాను.

రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విప్పి, కాగితపు ఫిల్టర్‌ను ఎండకు అడ్డంగా పట్టి చూడండి. వెలుతురు కనబడకపోతే దాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి తీసుకుపోండి, అదే కొలతది కొనండి. బిగించేముందు డబ్బా అడుగును పొడిగుడ్డతో తుడవండి.