సగం ధర సైకిలు

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ, సైకిలు కొట్లవాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు. వాళ్లందరికీ ఆయన బేరం బాబాయ్. ఉద్యోగం ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడపడం. ఎవరు ఏ అంతస్తు అంటే ఆ మీట నొక్కాలి. ఎందుకెక్కారు, ఎందుకు దిగారు అని అడిగే హక్కు లేదు. పొద్దస్తమానం నోరు మూసుకుని నిలబడ్డ మనిషికి సాయంత్రమయ్యేసరికి ఎవరితోనైనా వాదించకపోతే అన్నం సహించేది కాదు. పాపం, ఆ వాదన సైకిలు కొట్లవాళ్ల నెత్తిన పడింది.

బేరమాడటం చాలామందికి వచ్చు. బాబాయ్ తీరు వేరు. కొట్లోకి వెళ్లగానే కావలసిన వస్తువు వంక చూడడు. అక్కర్లేని చైను ఒకటి కొనవేళ్లతో ఎత్తి, “దీన్నీ చైనంటారా!” అని జాలిపడి, దాన్ని పక్కన పడేస్తూ అసలు వస్తువు ధర అడుగుతాడు. చెప్పగానే నవ్వుతాడు. ఆ నవ్వుకే కొత్తవాళ్లు కొంత తగ్గిస్తారు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోతాడు. కాళ్లు ముందుకే నడుస్తుంటాయి గానీ చెవులు రెండూ కొట్లోనే ఉంటాయి. “సర్లే, రండి బాబాయ్!” అన్న కేక వినబడితే ఆ వారమంతా లిఫ్టులో ఆయన మొహం వెలిగిపోతుంది.

ఆయనకు ఇంకో పట్టుదల కూడా ఉంది. కొన్న వస్తువు ఛస్తే వెనక్కివ్వడు. ఇచ్చాడంటే బేరంలో ఓడిపోయానని తనే ఒప్పుకున్నట్టట. ఇంట్లో మంచం కింద అట్టపెట్టెలో ఏ సైకిలుకీ పట్టని బ్రేకులు, ఏ కడ్డీకీ కుదరని సీట్లు పేరుకుపోయాయి. అన్నీ సగం ధరవే.

ఆయన భార్య ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. దుప్పటి మీది మరకలు చూసి అది ఏ వార్డు నుంచి వచ్చిందో చెప్పగలనని సరదాగా అంటుంది. ఎన్నేళ్ల నుంచో ఆమె ఎదురుచూస్తున్న మాట ఆ మధ్య రానే వచ్చింది. సోమవారం నుంచి ఆ విభాగం తాళాలు ఆమె చేతికి. కాకపోతే తెల్లారకముందే వెళ్లి తలుపులు తీయాలి, ఆ వేళకు బస్సులుండవు. మొదటి రోజే ఆలస్యమైతే తాళాలు పుచ్చుకోవడానికి ఇంకొకావిడ చెయ్యి చాచుకుని ఉంది. సరిగ్గా ఆ వారమే ఆమె సైకిలు వెనక చక్రానికి చైను పట్టే ఫ్రీవీల్ అరిగిపోయింది. పెడలు ఎంత తొక్కినా చక్రం కదలదు.

“ఏవండీ, బజారు చివరి కొట్లో ఇస్తే సాయంత్రానికి బాగుచేసి ఇచ్చేస్తాడు,” అంది ఆమె.

“పిచ్చిమొహమా, వాడి చేతికిస్తే ఇంకేమన్నా ఉందా? నిలువునా దోచేస్తాడు. నేను సగం ధరలో తేల్చేస్తా కదా!”

“సోమవారానికి కావాలండీ.”

“సోమవారం దాకా ఎందుకు, రేపే ఎక్కుదువు గానీ.”

ఆ సాయంత్రమే బజారు చివరి కొట్లో ఒక ఫ్రీవీల్ చూశాడు. “అది గేర్ల సైకిలుది బాబాయ్, మీ పాత చైను దాని మీద కూర్చోదు,” అన్నాడు కొట్టాయన. ఖరీదైనది అంటగట్టడానికే ఈ ఎత్తు అని బాబాయ్‌కి అర్థమైపోయింది. రెండుసార్లు మెట్లు దిగి, రెండుసార్లు పిలిపించుకుని, దాన్నే కొన్నాడు. ఇంటికొచ్చి బిగిస్తే చైను దాని మీద కూర్చోలేదు.

ఇంకెవరైనా అయితే తీసుకెళ్లి మార్చుకునేవారు. బాబాయ్ మర్నాడు వంతెన కింది కొట్లో సన్న చైను కొన్నాడు. ఆ చైను వెనక చక్కగా కుదిరింది, ముందున్న పళ్లచక్రం మీద కుదరలేదు. ఇంకో కొట్లో పళ్లచక్రం కొన్నాడు. దానికి పెడళ్లను మోసే పాత క్రాంకు పట్టలేదు. ఆ క్రాంకు బేరంలో ఉండగా పెడళ్లు మరీ చవగ్గా కనబడితే, ఎందుకైనా మంచిదని ముందు వాటిని కొన్నాడు. అలా వారమంతా కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఆదివారానికి హాలు నిండా ఇనుము పరుచుకుంది. నడుమ ఆమె సైకిలు చక్రాలు, చైను ఊడి ఎముకలగూడులా నిలబడింది.

“ఒక్క ఫ్రీవీల్ పోయిందంటే మొత్తం సైకిలే లేకుండా చేశారు కదండీ!” అంది ఆమె. “నాకు చవక వద్దు, గొప్ప వద్దు. రేపు పొద్దున నేను డ్యూటీకి వెళ్లాలి. ఆ తాళాల కోసం ఎంత కాచుకున్నానో మీకు తెలీదా?”

“క్రాంకు ఒక్కటి దొరికితే అయిపోయినట్టే!” అంటూ ఉడుకుమోతులా పానా పక్కన పడేసి, ఊరి అవతలి కొట్లకు బయల్దేరాడు.

చీకటి పడ్డాక ఉత్త చేతులతో ఇల్లు చేరాడు. హాలు శుభ్రంగా తుడిచి ఉంది. గోడకు ఆనుకుని సైకిలు పాత పెడళ్లతో, పాత చైనుతో నిలబడి ఉంది. చక్రం తిప్పి చూశాడు. హాయిగా తిరిగింది. ఆమె పొద్దున్నే లేవాలని అప్పటికే నిద్రపోయింది. సంతోషించాల్సింది పోయి బాబాయ్ తల పట్టుకున్నాడు. అమాయకురాలు, బేరం రాని మనిషి! ఆ బజారు చివరి కొట్టువాడు ఎంత గుంజాడో ఏమో!

మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది. బజారు చివరి కొట్టు తీసేసరికి బాబాయ్ మెట్ల మీద ఉన్నాడు.

“ఏమయ్యా, నేను లేనప్పుడు చూసి మా ఆవిణ్ని దోచుకుంటావా? ఎంత లాగావ్?”

“పని అయిపోయింది కదా బాబాయ్, వదిలేయండి.”

“ఎంత?”

కొట్టాయన చెప్పాడు. బాబాయ్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాడు. కొత్త ఫ్రీవీల్, బిగించిన కూలీ అన్నీ కలిపినా, బాబాయ్ ఇదే కొట్లో గెలిచి తెచ్చుకున్న ఫ్రీవీల్ ధర కంటే తక్కువే.

“మరి నాకంత చెప్పావేం?”

“మీకు చెప్పే ధర వేరు బాబాయ్. అసలు ధర చెప్తే సగానికి అడుగుతారు. అందుకే ముందే బాగా పెంచి చెప్తాం. మీరు దింపుకుంటారు. అంతసేపు మాట్లాడినందుకు మా కూలీ కూడా అందులోనే వేసుకుంటాం. నేనే కాదు, అందరూ అంతే. మీరు వీధి మలుపు తిరగ్గానే పక్క కొట్టుకి ఫోన్ వెళ్లిపోద్ది.”

“ఇన్నేళ్లుగానా?”

“సంతోషంగా వెళ్తారు కదా బాబాయ్.”

బాబాయ్ అక్కడున్న టైర్ల దొంతర మీద కూలబడ్డాడు. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. “మా ఆవిడకి తెలుసా?”

“నిన్న నా నోట్లోంచే జారింది. ముందు పగలబడి నవ్వారు. తర్వాత నవ్వాపేసి, ఆయనకి మాత్రం చెప్పొద్దు అన్నారు.” కొట్టాయన నాలిక కరుచుకున్నాడు. “అయ్యో, చెప్పేశానే!”

ఆ రోజు లిఫ్టులో బాబాయ్ ఎవరి మొహమూ చూడలేదు. మూడో అంతస్తు అన్నవాళ్లను ఐదులో దింపాడు.

సాయంత్రం వీధిలో సైకిలు గంట మోగింది. ఆమె నడుముకు తాళాలగుత్తి వేలాడుతోంది. చెమటతో తడిసిన మొహంలో ఎన్నడూ లేని కళ.

“అందరికంటే ముందే వెళ్లి తలుపులు తీశానండీ!” అంటూ సైకిలు లోపలికి తెచ్చింది. బాబాయ్ తాళాలు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఎంతసేపైనా ఆయన నోట ధర మాట రాకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చినట్టుంది.

“సైకిలుకు ఎంతయిందో అడగరేం?”

“ఎంతయింది?”

“అబ్బో, నిలువునా దోచేశాడు.” ఆమె గుడ్డతో చక్రం మీద మట్టి దులుపుతూ, తల ఎత్తకుండా అంది. “మీరు పక్కనుంటే సగానికే ఇచ్చి చచ్చేవాడు.”

బాబాయ్‌కి ఆమె ఎందుకలా అందో తెలుసు. ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా ఇంత తేలిగ్గా ఓడిపోలేదు, ఓడిపోయాక ఎవరి మీదా ఇంత ప్రేమ కలగనూ లేదు. వంగి ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని తనే చక్రం తుడవసాగాడు.

“ఇకనుంచి కొట్టుకి నువ్వే వెళ్లు,” అన్నాడు. “మోసపోతే మోసపోదాంలే.”