తిరగరాతలో పోయిన పేరు

మా మరిది పోయాడన్న కబురు కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పాడు. పత్రికకు పంపే కవరు రైలు తపాలాలో వేయాలని మరిది ఎల్లారెడ్డి నుంచి జ్వరంతోనే బయలుదేరాడు. కవరు వేశాడట. స్టేషను పక్క సత్రంలో కాసేపు నడుం వాల్చి, ఇక లేవలేదు. ఆ కవరులో ఉన్నది నేను తిరగరాసిన కాగితమే. ఈ పత్రిక చదివేవారికి అతని రచనలు తెలుసు. అతని చేతిరాత మాత్రం వారిలో ఎవరూ చూసి ఉండరు.

పగలు తహసీలు కచేరీలో ఉర్దూ రాసే గుమాస్తా. మిగిలిన పొద్దంతా తెలుగు. చుట్టుపక్కల ఎక్కడ బాగోతం ఆడినా, హరికథ చెప్పినా, బొమ్మలాట కట్టినా నడిచి వెళ్ళి, చూసి వచ్చి రాసేవాడు. ఆ రాత కోడి గీకినట్టు ఉండేది. ప్రెస్సువాళ్ళు మొరపెట్టుకున్నాక, హైస్కూలు దాకా చదివిన నాకు తిరగరాసే పని అప్పగించాడు. నా పూజ ముగిసేదాకా కాగితాలు ఒళ్ళో పెట్టుకొని గడప అవతల కూర్చునేవాడు.

"బాగోతం చూసొచ్చి గట్లనే కచేరికి పోతవ్. నిద్ర ఎప్పుడు పోతవయ్యా?" అని మా ఆయన అడిగితే, "వదినె పురాణం పెట్టిస్తది గద అన్నా, అప్పుడు" అనేవాడు. కోప్పడదామనుకొని నేనే నవ్వేసేదాన్ని.

పద్యాలూ రాసేవాడు, కచేరీకి వచ్చిన కవర్లు విప్పి వాటి లోపలి వైపున. ఒక పద్యంలో ఒక మాట అతకలేదని నేను మెల్లగా అంటే అక్కడికక్కడే కొట్టేశాడు.

"పద్యం నాది వదినె, కోసినా కుట్టినా నీ ఇష్టం. పేర్లు మాత్రం ముట్టకు. అవి వాండ్లవి."

ప్రతి వ్యాసం చివర ఆడినవాళ్ళ పేర్లన్నీ ఉండేవి. మద్దెల వాయించినవాడిది, దివిటీ పట్టినవాడిది కూడా. అచ్చయ్యాక వాళ్ళకు చదివి వినిపిస్తేనే అతని పని పూర్తయినట్టు.

నేను ముట్టాను.

నాలుగేళ్ళ కిందట తాడ్వాయిలో ఒక మేళం రామకథ ఆడింది. ఊరవతలి వాడవాళ్ళు, మా గడప ఎక్కనివ్వని వాళ్ళు. సీత వేషం ఒక మగవాడు కట్టాడు. తెర వెనుక నిలబడి సీత పాటలన్నీ పాడింది పోశవ్వ. "సీత వేషం ఎవరిదైనా, సీత పోశవ్వే" అని మరిది రాశాడు. నేను తిరగరాసిన రోజు శ్రావణ శుక్రవారం. మడితో ఉన్నాను. అమ్మవారి పేరు పక్కన ఆ పేరు రాయడానికి నా చేయి ఆడలేదు. "సీత వేషం బాగా కుదిరింది" అని మార్చి, కింద ఉన్న పేర్లలో నుంచి కూడా పోశవ్వను తీసేశాను. దేవికి సేవ చేశాననే అనుకున్నాను. మరిది నా రాతను ఎన్నడూ సరిచూసుకోలేదు.

పత్రిక వచ్చింది. ఎల్లారెడ్డి సంతకు వచ్చిన మేళంవాళ్ళు మా వాకిట్లో కూర్చున్నారు. నేను తలుపు చాటున ఉన్నాను. మరిది ఒక్కొక్క పేరే చదువుతుంటే, పేరు వచ్చినవాడల్లా పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. పేర్లు అయిపోయాయి.

"నా పేరు రాలేదా పంతులూ?" అంది పోశవ్వ.

"నీ గొంతు పెద్దది గదనే, అచ్చుల పట్టలేదేమో" అని మద్దెలాయన నవ్వాడు.

మరిది కాగితం చూశాడు. తలుపు వైపు చూశాడు. మళ్ళీ కాగితంలోకి చూసి, అక్కడ లేని వాక్యాన్ని తడబడకుండా చదివాడు.

"ఏడున్నది? సూపియ్యి" అంది పోశవ్వ.

ఆమె వేలు పట్టుకొని కాగితం మీద ఒకచోట ఆనించాడు. "గిదే." ఆ పత్రికను ఆమె మడిచి కొంగున కట్టుకుంది.

నన్ను అతను ఒక్క మాట అడగలేదు. తర్వాత తెచ్చిన వ్యాసంలో పేర్లన్నీ పైనే ఉన్నాయి, ఆ కోడిగీతల చేతికి సాధ్యమైనంత పెద్ద అక్షరాలతో. ఒక్కటీ వదలకుండా ఎక్కించాను. తప్పయిందని మాత్రం అనలేదు. నెమ్మదైన మనిషినని నన్ను అందరూ మెచ్చుకుంటారు. ఆ నెమ్మది వెనుకే నాలుగేళ్ళు దాక్కున్నాను.

అతను పోయిన పదోనాడు పోశవ్వ వచ్చి వాకిట్లో నిలబడింది. కొంగుముడి విప్పి కాగితం తీసింది.

"పంతులు పోయిండు. ఇగ నాకు సదివేటోళ్ళు లేరు. ఒక్కపారి సదువమ్మా, నా పేరున్న కాడ."

గడప దిగి వెళ్ళి అందుకున్నాను. ఆమె వేలును అతను ఎక్కడ ఆనించాడో అప్పుడు తెలిసింది. "వేషం బాగా కుదిరింది" అన్నంత వరకు మిగిలి ఉంది. దాని ముందున్న "సీత" లేదు. ఆమె వేలు రోజూ ఆనీ ఆనీ అక్షరాలు అరిగి, కాగితానికి చిల్లు పడింది.

"సీత వేషం ఎవరిదైనా, సీత పోశవ్వే" అని చదివాను. అతనిలాగే నేనూ అక్కడ లేని వాక్యాన్నే చదివాను.

"గదే" అంది ఆమె, తల ఊపుతూ.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. తాడ్వాయి మేళంలో సీత పాటలు పాడింది పోశవ్వ. ఆ పేరు తీసేసింది నేను. ఇది అచ్చయ్యాక తాడ్వాయి వెళ్ళి, ఆమె వాకిట్లో కూర్చొని ఈ రెండు మాటలూ చదువుతాను. ఆమె ఏమన్నా పడతాను.

ఆనాడు కాగితం తిరిగి ఇచ్చేముందు ఎండకు ఎత్తి పట్టుకున్నాను. ఆ చిల్లులోంచి బొట్టంత వెలుగు దిగి, తిరగరాసిన నా చేతి మీద నిలిచింది.