కుళ్ళాయమ్మ కట్టిన పాట

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చాలు, కుళ్ళాయమ్మకు పాటలు వచ్చేవి. అన్నీ ఊరికే కూనిరాగాలు. నాలుగు చరణాలూ నిలబడిన పాట మాత్రం నలభై రెండేళ్ళ వయసుకు ఒక్కటే. ఒక పట్టుచీర మొదలుపెట్టి మగ్గం మీది నుంచి కోసేలోగా ఆ పాట కట్టింది. "తెగిన పోగు నువ్వే అతుకు, చౌడమ్మా" అని అమ్మవారిని పిలిచే పల్లవి.

రాయడం రాదు. మరిచిపోతానేమోనన్న భయంతో చెన్నకేశవులుకు పాడి వినిపించింది. ధర్మవరంలో వాళ్ళ వీధి శనివారం భజనకు హార్మోనియం ఆయనదే. పదేళ్ళ కిందట ఆమెకు గుంపులో కూర్చోవడం ఎట్లాగో నేర్పిందీ ఆయనే.

"పాడేవాళ్ళను ముందు శృతి అడగల్ల పాపా. మన తాళం వాళ్ళ నోటిని మించి మోగకూడదు. ఎవరు ఎత్తుకున్నా వంత పాడల్ల, నచ్చకపోయినా సరే. ఇంగొకరి పాటయితే వాళ్ళ పేరు చెప్పినాకే మొదలుపెట్టల్ల" అనేవాడు.

కుళ్ళాయమ్మ ఒక్క మాట కూడా జారనివ్వలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు తాళాలు మరీ గట్టిగా కొడితే, ఏమీ అనకుండా తన తాళాలు కింద పెట్టేది. కాసేపటికి వాళ్ళకే తెలిసొచ్చేది.

ఆ ఏడు హిందూపురంలో ఒక పెద్ద షెడ్డులో పగలంతా సాగే భజనకు చుట్టుపక్కల ఊళ్ళ గుంపులన్నీ వెళ్ళాయి. అక్కడ వరస చూసేది పెద్దక్క అనే ముసలామె. ఎవరొచ్చినా పాడొచ్చు. మనిషికి ఒక్క పాటే. ఒకరు పాడిన పాటను ఆ రోజు పొద్దుగూకేదాకా ఇంకెవరూ ఎత్తకూడదు. ఎత్తితే మొదట పాడినవాళ్ళను చిన్నబుచ్చినట్టే.

కుళ్ళాయమ్మ తన పాట కోసమే బస్సెక్కింది. "నువ్వు కట్టినావా, యాడన్నా విని వచ్చినావా?" అని వీధిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంతమంది ముందర పాడి, ఇది నాది అని ఒక్కసారి చెప్పుకోవాలి. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

వరసలో కేశవులు ఆమెకంటే ముందున్నాడు.

"ఏమప్పా, నీది కానీ" అంది పెద్దక్క.

ఆయన శృతి పట్టుకుని ఆమె పాట మొదటి వరస వాయించాడు. తర్వాత రాబోయే తన వంతు కోసం స్వరం సరిచూస్తున్నాడనుకుని కుళ్ళాయమ్మ నవ్వింది. అప్పుడాయన గొంతెత్తాడు.

"తెగిన పోగు నువ్వే అతుకు, చౌడమ్మా."

పేరు చెప్పలేదు. నేరుగా ఎత్తుకున్నాడు. షెడ్డు మొత్తం వంత పాడింది. మొదటి చరణానికి కుళ్ళాయమ్మ వంత కలపలేదు. కానీ వంత పాడకుండా కూర్చోవడం తప్పు. రెండో చరణం దగ్గర తనూ అందుకుంది. పెనుకొండ నుంచి వచ్చిన భవాని అనే అమ్మాయి పక్కనే ఫోన్‌లో రికార్డు చేసుకుంటోంది.

"మీ ఊరాయనేనా అక్కా? ఏం కట్టినాడు పాట."

కుళ్ళాయమ్మ తలూపింది. ఎందుకూపిందో ఆమెకే తెలియలేదు.

తర్వాత వంతు ఆమెది. "ఏం పాడతావమ్మా?" అని పెద్దక్క అడిగింది.

"నాది అయిపోయిందక్కా."

"నోరే తెరవకపోతివి, యాడ అయిపోయింది?"

నలుగురూ నవ్వారు. కేశవులు తలెత్తలేదు.

సాయంత్రం బస్సులో ఆయన ఎప్పటిలాగే వచ్చి ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాడు.

"అలిగినావా పాపా? మైకు ముందర నీ గొంతు వణుకుతాది. అంత మంచి పాట చెడిపోతాదంటే నాకు మనసొప్పలేదు."

"పేరన్నా చెప్పి ఉండొచ్చు కదన్నా."

"ఆ గలాటాలో యాడ చెప్పేది?"

"నన్ను అడిగి ఉండొచ్చు."

ఆయన నవ్వాడు. "నిన్ను అడిగేదేముండాది? నువ్వేమన్నా పరాయిదానివా?"

ముక్కూమొహం తెలియనివాళ్ళను కూడా వంగి, మీ శృతి ఎంతమ్మా అని అడిగే మనిషి. పరాయిదాన్నయినా బాగుండేదేమో అనుకుంది.

పెనుకొండలో బస్సు ఆగగానే లేచింది.

"యాడికి పోతాండావు? ధర్మవరం ఇంగా దూరముంది కదా."

"వెనక బస్సుకు వస్తాలే."

ఆయన పిలిచాడే గానీ దిగలేదు. బస్సు వెళ్ళిపోయింది.

అదే బస్సులో వచ్చిన భవాని స్టాండులో ఫోను చూసుకుంటూ నిలబడి ఉంది. ఆ పాటే మోగుతోంది.

"అక్కా, స్టేటస్‌లో పెట్టినా. అప్పుడే ఎంతమంది చూసినారో."

కుళ్ళాయమ్మ దగ్గరికి వెళ్ళింది. "ఆ పాట నేను కట్టిందమ్మా."

ఆ అమ్మాయి ఫోను ఆపి, ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. "ఆయన చెప్పలేదే? అప్పుడు అడిగితే నువ్వూ తలూపితివి." మళ్ళీ తనే, "సరే, ఒక చరణం పాడు, విందాం" అంది.

కుళ్ళాయమ్మ నోరు తెరిచింది. పొద్దు ఇంకా గూకలేదు. ఒకరు ఎత్తుకున్న పాట.

"ఈ పొద్దు పాడకూడదమ్మా. రేపయితే పాడతా."

"అట్లనా" అని భవాని నవ్వింది. మర్యాదగానే నవ్వింది. ఫోను సంచిలో వేసుకుని ఆటోల వైపు నడిచింది.