తెల్లరాతి మీద తెల్ల సుద్ద

మా అత్తగారు టైలరు. మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు మా వీధిలో లేరు. కూరగాయలకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా అది ఉండాల్సిందే. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపించామా, మన కొలత తప్పంటారు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ మొండితనానికి హడలిపోయేదాన్ని. ఇప్పుడైతే అలాంటి మనిషి దొరకడం నా అదృష్టమని ఎవరి ముందైనా చెబుతాను.

మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పోయిన చలికాలం స్నానాల గదిలో జారిపడితే తుంటికి ఆపరేషనైంది. ఎముక అతుక్కుంది, కర్ర కూడా అక్కర్లేదన్నారు డాక్టరుగారు. కానీ దెబ్బ కాలికి తగిలితే భయం గుండెను పట్టుకుంది. ఆయన గుమ్మం దాటడం మానేశారు. మంచం నుంచి కుర్చీకి వెళ్లాలన్నా అత్తగారి చెయ్యి కావాలి. "ఏమే!" అన్న కేక వినపడగానే ఆవిడ మిషను ఆపి పరిగెత్తాలి. వచ్చి కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేలోపు ఇంకో కేక. చివరికి ఒకరోజు మిషను మీద దుప్పటి కప్పేశారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన భయం ఇద్దరినీ ఆ గదిలో కట్టిపడేస్తుందేమోనని దిగులు పట్టుకుంది.

ఒక ఆదివారం పొద్దున్నే అత్తగారు, "అమ్మాయ్, కారు తియ్యి. ఆఖరు స్టాపుకి పోదాం" అన్నారు.

"నేను కారు దిగను" అన్నారు మామగారు వెంటనే.

"మిమ్మల్ని ఎవరు దిగమన్నారండీ? లోపల కూర్చునే చూడండి." చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని కారెక్కించాం.

మామగారు ఏళ్ల తరబడి నడిపిన రూటులో అది చివరి స్టాపు. అక్కడ రోడ్డు పక్కనే మేడమెట్లంత ఎత్తున సున్నపురాయి వాలు, దాని కింద రెండు రాతిగోడల మధ్య ఒదిగిన బుల్లి సముద్రతీరం. పెళ్లయిన కొత్తలో అత్తగారు క్యారేజీ పట్టుకుని అదే బస్సెక్కేవారట. తిరుగు ట్రిప్పుకు వేళయ్యేదాకా ఇద్దరూ కిందికి దిగి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని తినేవారట.

మేం వెళ్లేసరికి అక్కడ పిట్ట కూడా లేదు. రాయంతా పాలతెలుపు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున గులకరాళ్లు పైనుంచే కనిపిస్తున్నాయి. వాటిని చూసి మామగారు తనంతట తానే కారు తలుపు తీశారు. నా చెయ్యి పట్టుకుని వాలు అంచుదాకా వచ్చి, అక్కడ ఆగిపోయారు.

"కదలకండి. ఎక్కడ కాలెయ్యాలో గుర్తులు పెట్టొస్తా. గీత గీసుకుంటే కత్తెరకి భయం ఉండదు" అంటూ అత్తగారు సంచిలోంచి సుద్దబిళ్ల తీశారు. ఒక్కో పట్టు దగ్గరా కూర్చుని, శ్రద్ధగా ఇంటూ గుర్తు పెట్టుకుంటూ దిగారు. ఆయాసపడుతూ పైకొచ్చి, గొప్పగా చెయ్యి చాపారు.

"అవిగో!"

"ఎక్కడే?" అన్నారు మామగారు.

నేనూ చూశాను. రాయి తెలుపు, సుద్దా తెలుపే. ఒక్క గుర్తు కనిపిస్తే ఒట్టు. "ఇక్కడే పెట్టానే..." అంటూ ఆవిడే వంగి వెతుక్కోవడం మొదలుపెట్టారు.

మామగారు ముందు ముక్కుతో నవ్వారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. పడ్డ తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"జన్మంతా గుడ్డల మీద గీశావు! తెల్లగుడ్డ మీద తెల్లసుద్దతో గీస్తారుటే?"

"తెల్లగుడ్డకి నీలం బిళ్లే వాడతానండీ! అదైపోయింది, నన్నేం చెయ్యమంటారు?"

"సర్లే, తప్పుకో. నీ గుర్తులు నమ్ముకుంటే సముద్రంలో తేల్తాను." ఆయన నా చెయ్యి వదిలేశారు. సముద్రం వైపు వీపు తిప్పి, రెండు చేతులతో రాయి పట్టుకున్నారు. "బండి రివర్సులో దింపుతా. నువ్వు కిందుండి చెప్పు."

అత్తగారు గబగబా ముందు దిగారు. "రానివ్వండి... రానివ్వండి..."

"అలా అంటే బండి కదలదే! కండక్టరులా చెప్పు."

పెళ్లినాటి నుంచి ఆయన్ని 'మీరు' అని తప్ప అనని మనిషి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి గొంతెత్తారు. "రానీ... రానీ... కొంచెం లెఫ్టు... ఆపు! ఆ, ఇప్పుడు రానీ... రైట్ రైట్!"

ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వెనకే నేనూ దిగాను. ఆయన పాదం నీళ్లను తాకగానే "అబ్బ, చల్లగా ఉందే!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. అత్తగారు టేపు కొసతో కళ్లు ఒత్తుకున్నారు. ఏమైందని అడిగితే ఉప్పునీళ్లు చిమ్మాయన్నారు. ఆ నీళ్లకు, ఆ రాతికి, అన్నిటికంటే ఎక్కువగా ఆ తెల్ల సుద్దబిళ్లకు నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న వంటింట్లో ఉండగా అనుమానమొచ్చింది. ఇంకా "ఏమే!" అన్న కేక వినపడలేదు. కుర్చీ ఖాళీ. స్నానాల గది ఖాళీ. మా ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. వీధి తలుపు బార్లా తీసి ఉంది.

పరుగెత్తుకెళ్లి చూస్తే, మామగారు ప్రహరీగోడ పక్కనుంచి ఒక్కరే మెల్లగా నడిచి వస్తున్నారు. చేతిలో చిన్న పొట్లం.

"చెప్పి వెళ్లకూడదుటండీ?" అన్నారు అత్తగారు.

ఆయన పొట్లం ఆవిడ చేతిలో పెట్టారు. అందులో నీలం సుద్దబిళ్లలు.

"వచ్చే ఆదివారానికి" అన్నారు. "ఈసారన్నా కనపడేట్టు గియ్యి."

అత్తగారు లోపలికెళ్లి మిషను మీది దుప్పటి తీసి మడతపెట్టారు.