నేను తుడిచేసిన ఎర్ర చుక్క

చెవులు సరిగా వినబడని మనిషి వెనక నిలబడి, ఆయనకు వినబడదన్న ధైర్యంతో మీరెప్పుడైనా ఏమైనా అన్నారా? తల అడ్డంగా ఊపకండి. అందరం అన్నవాళ్ళమే. అలా అన్న ఒక్క మాట వల్ల శంషాబాద్ దగ్గరి సాతంరాయిలో ఒక పొలం బేరం కుప్పకూలింది. ఒక ఏజెంటు చాయ్ సగంలో వదిలేసి బండెక్కాడు. మహిమలన్నీ బూటకమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే ఒక హేతువాది ఒక్క పూటలో మహిమలున్నవాడైపోయాడు. ఆ హేతువాదిని నేనే.

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చిన కొత్తరోజులవి. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. వినికిడి యంత్రాల్లో పెట్టే బుల్లి మైకులు తయారుచేయడం మా పని. మామూలు మైకు ఎటునుంచి వచ్చిన చప్పుడునైనా మోసుకొచ్చి చెవిలో కుమ్మరిస్తుంది. పెళ్ళి పందిట్లో పెద్దాయనకు ఎదురుగా ఉన్న వియ్యంకుడి కంటే వెనకున్న బ్యాండుమేళమే ఎక్కువ వినబడేది అందుకే. ఎదుటి మనిషి మాటను పట్టుకుని, వెనక రొదను వదిలేసే మైకు చేయాలన్నది మా తపన. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. దానికి రెండు సన్నటి రంధ్రాలు, ముందొకటి, వెనకొకటి. ఏది ముందో ఏది వెనకో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కన్నతల్లి అంటే మా తోటి ఇంజనీరు సుజాత. ఆ నమూనా ఆమె చేతుల్లోనే పుట్టింది.

నేనేమో ఆ రోజుల్లో మహా ఆవేశపరుణ్ణి. వారమంతా మైకు లోపల తల పెట్టి, సెలవు రోజున మైకు ముందు నోరు పెట్టేవాణ్ణి. రుజువు లేనిదే నమ్మకండి, పరీక్షించనిదే ఒప్పుకోకండి అని గొంతు చించుకునేవాణ్ణి. దసరాకు మా పనిబల్లకు ఎవరో నిమ్మకాయ కడితే, దాన్ని కోసి షర్బత్ చేసి అందరికీ పోశాను. నిమ్మకాయకున్న అసలు శక్తి ఇదీ అని ఉపన్యసించాను. షర్బత్ బాగుందన్నారు. ఉపన్యాసం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అలాంటివాడికి ఒక శనివారం సాయంత్రం భూతద్దం కింద ఏం కనబడాలి? ఆ మైకు మీద ఎర్రటి చుక్క. బొట్టు. గింజంత యంత్రాన్ని కూడా వదలకుండా బొట్టు పెట్టేశారు. సుజాత అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. అడగొచ్చు కదా అంటారా? అడగడం జనం పని, చెప్పడం నా పని అనుకునే వయసండీ అది. దూదిని నీళ్ళలో ముంచి తుడిచాను. పోలేదు. సబ్బుతో రుద్దాను. పోలేదు. మూఢనమ్మకం ఎంత లోతుగా పాతుకుపోయిందో కదా అని నిట్టూర్చి, రంగులు కడిగే థిన్నర్ తెచ్చాను. పోయింది. కుంకుమ నీళ్ళకు లొంగకుండా థిన్నర్‌కు లొంగడమేమిటని, పరీక్షించనిదే దేన్నీ ఒప్పుకోని ఈ బుర్రకు అనుమానమే రాలేదు.

ఆ తర్వాత మైకును చెవి వెనక తగిలించే డొప్పలో నేనే బిగించాను. చెవికి పెట్టుకుని విన్నాను. నా వెనక గోడకున్న ఫ్యాన్ చప్పుడు బ్రహ్మాండంగా వినిపించింది. భేష్ అనుకున్నాను. వెనక చప్పుడు వినబడకూడదనే కదయ్యా నీ తపనంతా అని మీరు అంటున్నారు. నిజమే. అప్పుడు మీరు అక్కడ లేకపోయారు.

ఆ తొందరంతా మల్లయ్య బాపు కోసం. సాతంరాయిలో ఆయన ఇంట్లోనే నేను కిరాయికి ఉండేవాణ్ణి. ఆయనకు రెండు చెవులూ మందగించాయి. చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లు అవుతున్నాయి, మనదీ అమ్మేద్దామని కొడుకు కిష్టన్న పట్టు. బాపు కాదనలేదు. తన చేతులతో తవ్వుకున్న బావినీ, దాని పక్కనున్న మడినీ మాత్రం ముట్టుకోవద్దన్నాడు. ఆదివారం పొద్దున ఏజెంటు మాట ఖాయం చేసుకోవడానికి వస్తాడనగా బాపు నన్ను పట్టుకున్నాడు.

"నాకు ఇనవడకుండనే అన్నీ మాట్లాడుకుంటున్నరు బిడ్డా. నేను ఉత్తగ తలకాయ ఊపుడే. గీ ఒక్కపారి నా చెవులతోని ఇననియ్యి."

మా సంస్థ యజమానిని బతిమాలి, ఆ నమూనాను ఒక్క పూటకు తెచ్చుకున్నాను.

ఆదివారం బాపు వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఆయన వెనక వంటింటి గుమ్మం. పెళ్ళికొడుక్కి బాసికం కట్టినంత శ్రద్ధగా యంత్రం తగిలించి, ఎదురుగా నిలబడి, వినబడుతోందా అని అడిగాను.

"ఏందీ?" అన్నాడు.

చప్పుడు పెంచి మళ్ళీ అడిగాను.

"ఏందో గునుగుతున్నవు. జర గట్టిగ చెప్పు."

ఇంతలో వంటింట్లోంచి ఆయన భార్య రాజవ్వ, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఉన్న చెవులే పనికిరాలే, ఇగ ప్లాస్టిక్ చెవి ఏం జేస్తది" అంది.

బాపు తల కూడా తిప్పలేదు. "నీ పప్పు కంటె నయమే జేస్తది తియ్యి."

లోపల గిన్నె కిందపడింది. ఆయన వెనక ఇన్నేళ్ళుగా అంటూ వచ్చినవన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటాయి. నాకు మాత్రం ఏమీ తట్టలేదు. కొత్త యంత్రం కదా, దగ్గరి మాటకు అలవాటు పడటానికి సమయం పడుతుందని అప్పటికప్పుడు ఒక సిద్ధాంతం తయారుచేసి కిష్టన్నకు వివరించాను. సుజాతకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఏజెంటు వచ్చి బాపు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. నోట్లో తేనెపట్టు ఉన్నట్టు మాట్లాడాడు. బాపు ఎప్పటిలాగే తల ఊపుతున్నాడు. ఒక్క ముక్క కూడా వినబడటం లేదని నాకు అర్థమవుతోంది. పైనుంచి విమానం పోతోంది, కింద నా వీపు మీద చెమట కారిపోతోంది. మంచం వెనక కిష్టన్న, ఏజెంటు వెంట వచ్చిన మనిషి గుసగుసగా ఏదో అనుకుంటున్నారు. ఏమిటో నాకూ వినబడలేదు.

బాపు చెయ్యెత్తాడు. ఏజెంటు ఆగిపోయాడు.

"రిజిస్ట్రేషన్ అయినంక బాయి పూడ్చుకుందురా కిష్టా? నాకు మెల్లగ నచ్చజెప్పుకుంటవా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నువ్వు ఈత నేర్చుకున్న బాయిరా అది."

కిష్టన్న మొహంలో రక్తం లేదు. "నీకు ఎట్ల ఇనవడ్డది బాపూ?"

బాపుకు ఆ ప్రశ్న వినబడినట్టుంది, అతను ఇంకా వెనకే ఉన్నాడు మరి. "సారు మిషన్ పెట్టిండు గద."

ఏజెంటు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. అతను వెళ్ళిపోయాక కిష్టన్న తండ్రి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నాడు. ఏదో చెప్పాడు, మళ్ళీ చెప్పాడు. బాపు కాసేపు ఓపికగా చూశాడు.

"ముంగట ఇనవడుతలేదు బిడ్డా. ఎన్కకు వొయ్యి చెప్పు."

కిష్టన్న లేచి వెళ్ళి, తండ్రి వీపు వెనక నిలబడి, తప్పయిందనీ, బావి జోలికి పోననీ చెప్పాడు. అప్పుడు గానీ నా బుర్రలో దీపం వెలగలేదు. శనివారం నేను మైకును ముందువైపు వెనక్కి వచ్చేలా తిరగేసి బిగించాను.

సాయంత్రానికల్లా వాకిలి నిండింది. ముందు చెప్పే అబద్ధాలు వదిలేసి వెనకటి నిజాలు చెప్పే మిషనట. ఒకాయన తప్పిపోయిన బర్రె గురించి దాన్ని అడగమన్నాడు. ఇంకొకామె కొబ్బరికాయ తెచ్చింది. ఇందులో మహిమ లేదని, ఇది ఒట్టి నా పొరపాటని అరిచి చెప్పాను. బొట్టు తుడిచి, తిరగేసి పెట్టిన మూర్ఖుణ్ణి నేనేనని ఒప్పుకున్నాను. నా జీవితంలో అంత నిజాయితీ గల ఉపన్యాసం మరొకటి ఇవ్వలేదు.

రాజవ్వ జాలిగా చూసింది. "మనిషన్నంక తప్పు జేస్తడు బిడ్డా. గని గా తప్పు గియ్యాల్నే ఎట్ల జేసినవు? దేవుడే నీతోని చేయించిండు." ఆ మాటంటూ కుంకుమ భరిణె తెచ్చి యంత్రానికి బొట్టు పెట్టింది. ఎన్నో సభల్లో ఎందరి నోళ్ళో మూయించినవాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడ్డాను.

సోమవారం సుజాతకు జరిగిందంతా చెప్పి, ఆమె పెట్టిన బొట్టును అడక్కుండా తుడిచినందుకు క్షమించమన్నాను.

"బొట్టేంది అన్నా?"

"మైకు మీద ఎర్ర చుక్క."

"అది నా నెయిల్ పాలిష్. ముందు రంధ్రం ఎటున్నదో తెలువనీకి పెట్టిన. ఆదివారం ఫోన్ ఎందుకు ఎత్తలేదనుకున్నవు? చర్చిల ఉన్న. ఇన్నేండ్ల సంది పక్క బల్ల కాడనే కూసుంటున్న, నేను కుంకుమ ఎందుకు పెడత?"

నేను బల్ల కింద ఏదో పడిపోయినట్టు వెతకడం మొదలుపెట్టాను. ఆమె యంత్రాన్ని తిప్పి తిప్పి చూసి, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. రాజవ్వ పెట్టిన బొట్టు సరిగ్గా అసలు ముందు రంధ్రం ఉన్న వైపే పడింది.

"కాకతాళీయం" అన్నాను.

"అవునన్నా" అంది సుజాత. ఆ సాయంత్రం దాకా మరో మాట అనలేదు. అంతకంటే తిడితే బాగుండేది.

మైకును సరిచేసి ఇస్తే, ఇప్పుడు ఎదుటివాళ్ళ మాటలే వినబడుతున్నాయని, మజా పోయిందని మల్లయ్య బాపు చాలా రోజులు సణిగాడు. బావి మాత్రం మిగిలింది.

దేవుడి మీద ఒట్టు వేసే హక్కు నాకు లేదు కాబట్టి, ఆ థిన్నర్ డబ్బా మీద ఒట్టేసి చెబుతున్నాను: ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగకుండా ఈ జన్మలో ఏ ఎర్ర చుక్కనూ తుడవను. ఇక మీ వంతు. మీ ఇంట్లో చెవులు మందగించిన పెద్దవాళ్ళుంటే, ఇది చదవడం ఆపి ఇప్పుడే లేవండి. వాళ్ళ వెనక అనాలనుకున్న మాటను, వాళ్ళ ముందు కూర్చుని చెప్పండి.